పరువు ఒకరిది, దెబ్బలు ఇంకొకరివి



నేను ఇవాళ ఎత్తుకున్న విషయం వినగానే, "ఇదేదో మగవాళ్ళకు చెప్పాల్సిన మాట గదా, మాకెందుకు చెబుతున్నావమ్మా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. వాళ్ళకూ చెప్పవలసిందే. కాని పౌరుషం, రోషం, పరువు అనే మాటలు మగపిల్లవాడి చెవిన మొదట వేసేది మనమే. ఉగ్గుపాలతోపాటే వేస్తాం. అందుకని ముందు మన మధ్యనే మాట్లాడుకుందాం.

పిల్లవాడు ఆటలో దెబ్బ తిని ఏడ్చుకుంటూ ఇంటికొస్తాడు. "ఏందిరా, ఆడపిల్లలాగా ఏడుస్తాండావ్? నువ్వు మగోడివి కాదూ?" అంటాం. కాస్త మీసం మొలిచాక, తగాదాకు పోకుండా తల వంచుకుని వస్తే "గాజులు తొడుక్కున్నావా?" అంటారు తోటివాళ్ళు. పెళ్ళయ్యాక భార్య మాట విని నాలుగు పనులు చేస్తే "పెళ్ళాం కొంగు పట్టుకుని తిరుగుతాండాడు" అంటారు. మూడు మాటల్లోనూ తిట్టు ఒకటే. నువ్వు మగవాడివి కాదు, ఆడదానివి అని. మగవాడికి ఇంతకన్నా పెద్ద అవమానం మన భాషలో దొరకదు. ఆడతనమే తిట్టయినప్పుడు, ఆ మాటలు వింటూ పెరిగినవాడు రేపు ఇంట్లో ఆడమనిషిని ఎంత విలువ ఇచ్చి చూస్తాడు?

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. ఖడ్గతిక్కన కథ మీలో చాలామంది వినే ఉంటారు. 13వ శతాబ్దం నాటి మాట. నెల్లూరు నేలిన మనుమసిద్ధి దగ్గర సేనాని ఆయన. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి దగ్గర కాటమరాజుకూ మనుమసిద్ధికీ తగవు వచ్చింది. ఎర్రగడ్డపాడు దగ్గర, పాలేటి ఒడ్డున పోరు జరిగిందని కాటమరాజు కథ పాడేవాళ్ళు చెబుతారు. అంటే మనకు దూరపు కథేమీ కాదు. తన బలగమంతా నేలకూలగా తిక్కన వెనుదిరిగి ఇంటికి వచ్చాడట. భార్య స్నానానికి నీళ్ళు తోడింది. తోడి, చుట్టూ కనపడకుండా మంచం అడ్డం నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఆడవాళ్ళ స్నానానికి చేసే ఏర్పాటన్నమాట. భోజనానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసి, నీ మనసు విరిగినట్టే ఆవుల పాలూ విరిగినయ్యంది. ఆయన అట్లాగే లేచి మళ్ళీ యుద్ధానికి పోయాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ కథను బడిలో వీరమాత కథగా, వీరపత్ని కథగా చెబుతారు. చెప్పనివ్వండి. కాని ఒక్కసారి ఆ పసుపు ముద్ద దగ్గర ఆగి చూడండి. మనకది శుభం. గడపకు పూస్తాం, తాళికి పూస్తాం, కాళ్ళకు రాసుకుంటాం. అదే పసుపు మగవాడి ముందు పెడితే చావుకన్నా హీనమైపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. మొగుడు ప్రాణాలతో తిరిగొస్తే గుండెల మీద చెయ్యి వేసుకుని "బతికొచ్చాడు, అదే పదివేలు" అనుకునే పాటి స్వతంత్రం కూడా ఆ ఇల్లాలికి లేదు. ఆయన పరువుకు ఆవిడ కాపలాదారు. మన ఇళ్ళల్లో అత్తలు, అమ్మలు చేస్తున్నది ఆ కాపలా పనే.

అసలీ రోషం ఎందుకు పుడుతుంది? అమెరికాలో రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయం మీద 1996లో ఒక పుస్తకం వేశారు. వాళ్ళ దేశంలో దక్షిణాది మగవాళ్ళు మాట పడితే సహించరు, చెయ్యెత్తుతారు అని పేరు. కారణం వెదుకుతూ పోతే వాళ్ళ పూర్వులు పశువుల మందలు కాచుకుని బతికినవాళ్ళని తేలింది. పొలాన్ని ఎవడూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేడు. గొడ్లను తోలుకుపోవచ్చు. పోలీసూ కోర్టూ లేని చోట, "వీడి జోలికిపోతే ఊరుకోడు" అన్న పేరే మందకు కంచె. అందుకని చిన్న మాటకూ పెద్దగా తిరగబడాలి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వాళ్ళొక పరీక్ష పెట్టారు. ఇరుకు నడవలో పోతున్న విద్యార్థిని ఒకడు భుజంతో గుద్ది ఒక తిట్టు తిడతాడు. ఉత్తరాది పిల్లలు చాలావరకు నవ్వి ఊరుకున్నారు. దక్షిణాది పిల్లల ఒంట్లో కోపానికీ ఆందోళనకూ సంబంధించిన రసాలు పైకి లేచాయి. మందలు పోయి తరాలు గడిచినా రోషం మాత్రం మిగిలింది.

పుల్లరి తగవు, ఆవుల మందలు, కాటమరాజు... మనకు ఈ లెక్క తొందరగానే అర్థమవుతుంది. మన యర్రగొండపాలెం నుంచి మాచర్ల దారి పట్టుకుని పోతే పల్నాడే. అక్కడ 12వ శతాబ్దంలో కోడిపందెం దగ్గర మొదలైన పంతం కారెంపూడి యుద్ధం దాకా పోయి అన్నదమ్ముల వంశాలను ఊడ్చేసింది. కత్తి దూసింది వందలమంది మగవాళ్ళు. జనం నోట్లో ఆ పాపం మోస్తున్నది మాత్రం నాయకురాలు నాగమ్మ! ఈ సంగతి ఎప్పుడు గుర్తుకొచ్చినా నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

పరువు అనేదంతా చెడ్డదని నేననడం లేదు. ఆడిన మాట తప్పకపోవడం, అప్పు తీసుకున్నవాడి గడప తొక్కి తీర్చడం, నమ్మి వచ్చినవాణ్ణి కాపాడడం ఇవన్నీ పరువులోనివే. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ పరువును మగవాడు తన నడతలో కాకుండా ఇంటి ఆడవాళ్ళ నడతలో దాచుకున్నాడు. కూతురు ఎవరితో మాట్లాడింది, భార్య ఎవరికి ఎదురు చెప్పింది, చెల్లెలు ఎవరిని కోరుకుంది అన్నదాన్ని బట్టి నలుగురిలో అతని తల లేస్తుంది, వాలుతుంది. సొమ్ము ఆమె ఒంటి మీద ఉంటుంది, హక్కు మాత్రం అతనిది.

మన మాటలే చూడండి. మానం అనే మాట మగవాడి పక్కన పెడితే అభిమానం, ఆత్మగౌరవం. ఆడదాని పక్కన పెడితే శరీరం. ఒకప్పుడు పత్రికలన్నీ "మానభంగం" అనే రాసేవి. ఎవడో దుర్మార్గుడు ఒక పిల్ల మీద పడితే భంగమైంది వాడి మానం కావాలి గదా? కాదు, పిల్లదే అయింది. "చెడిపోయింది" అని కూడా ఆ పిల్లనే అంటారు. పాపం చేసినవాడు మీసం తిప్పుకుంటూ తిరుగుతాడు. 1978లో హైదరాబాదులో ఒక స్త్రీపై పోలీసులే అత్యాచారం చేసి, ఆమె భర్త చావుకు కారణమయ్యారని ఊరంతా అట్టుడికిపోయింది. విచారణకు జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను వేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫున గట్టిగా జరిగిన ప్రయత్నం ఏమిటి? ఆమె నడవడి మంచిది కాదని రుజువు చేయడం. కమిషన్ ఆ వాదానికి లొంగలేదు, పోలీసులదే తప్పంది. ఇప్పుడు పత్రికలు "అత్యాచారం", "లైంగిక దాడి" అని రాస్తున్నాయి. ఇది మాట మార్పే కావచ్చు, కాని ఈ మాటల్లో నేరం చేసినవాడు కనిపిస్తాడు.

మన వైపు సంగతికి వద్దాం. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల ఎటు చూసినా మెట్ట. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడితే ఫ్లోరైడు. వెలిగొండ నీళ్ళకోసం 1996లో శంకుస్థాపన జరిగిన నాటినుంచి ఎదురుచూపులు చూసిన ప్రాంతం ఇది. పనుల్లేక గుంటూరు వైపు మిరపకోతలకు పోయే కుటుంబాలు ఎన్నో. రెండోసారి వేసిన బోరు కూడా ఎండిపోయిన మనిషిని ఊహించుకోండి. పురుగుమందుల కొట్టతను నలుగురిలో పాత బాకీ అడిగాడు. మారు మాట్లాడలేదు, ఏం మాట్లాడతాడు? ఊళ్ళో పోయిన ఆ పరువు ఎక్కడో ఒకచోట తిరిగి రాబట్టుకోవాలి. ఇంటికొచ్చాడు. అన్నం చల్లగా ఉంది, లేదా "యాడికి బోయినావు ఇంతసేపు?" అని ఆమె అడిగింది. ఆ మాటే ఎదురు తిరగడమైంది. కొట్టుగలవాణ్ణి కొట్టలేని చెయ్యి ఆమె మీద లేచింది.

ఇట్లా చెబితే పేదరికం మీదికి నేరం తోసేసినట్టవుతుంది. కాదు. ఎకరాలకెకరాలు ఉన్న ఇళ్ళల్లో, మిద్దెల్లో, చదువుకున్న ఉద్యోగస్తుల క్వార్టర్లలో కూడా ఇదే జరుగుతుంది. తేడా అల్లా అక్కడ తలుపులు మందంగా ఉంటాయి. కరువు చేసేదల్లా మగవాడు నిలబడే తక్కిన మెట్లన్నీ ఒక్కొక్కటీ లాగేయడం. పొలం పోయె, పని పోయె, మాట పోయె. ఇంక మిగిలింది "నా పెళ్ళాం నా మాట వింటుంది" అన్న ఒక్క మెట్టు. దాన్ని కూడా కదిలిస్తే ఊరుకోడు.

2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను ఒక ప్రశ్న అడిగారు. భర్తకు చెప్పకుండా బయటికి పోతే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట బాగా చేయకపోతే, అత్తమామలను అగౌరవపరిస్తే, ఇలాంటి ఏడు కారణాల్లో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనా? మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది ఆడవాళ్ళు సబబే అన్నారు. తెలంగాణలోనూ అంతే. దేశం మొత్తం మీద 45 మందే. దేశమంతటా ఎక్కువమంది ఒప్పుకున్న కారణం అత్తమామలను అగౌరవపరచడం. నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళలో, దేశం మొత్తం మీద, నూటికి 14 మందే సాయం అడిగారు. 77 మంది ఎవ్వరికీ నోరు విప్పి చెప్పనే లేదు.

ఆ 84 మందినీ తెలివితక్కువవాళ్ళని నేననుకోను. "తప్పు చేస్తేనే కొడతాడు" అని నమ్మితే, తప్పు చేయకుండా ఉంటే దెబ్బ తప్పుతుందన్న ఆశ ఒకటి మిగులుతుంది. ఏ కారణమూ లేకుండానే కొడతాడని ఒప్పుకుంటే ఆ ఇంట్లో ఒక పూట నిద్ర పట్టదు. దెబ్బలు తిన్న కూతురు పుట్టింటికొస్తే మనం అనే మాటలు కూడా ఆ ఆశలోంచి వచ్చేవే. "సర్దుకోమ్మా. మీ నాయన తలెత్తుకు తిరగొద్దా? చెల్లెలికి పెళ్ళి గావొద్దా?"

ఈ సర్దుకుపొమ్మనే మాట మన ఒక్కరిదే అనుకుంటాం. 2003లో కోహెన్‌తో కలిసి జోసెఫ్ వాండెల్లో అనే ఆయన ఇంకో పరీక్ష ప్రచురించాడు. గదిలో ఒక విద్యార్థి కూర్చుని ఉంటే, ఎదుట ఒక అమ్మాయీ, ఆమెను చేసుకోబోయేవాడూ మాట మాట అనుకుంటారు. అతను అసూయతో అరిచి, ఆమెను ఒక తోపు తోసి వెళ్ళిపోతాడు. ఇదంతా నాటకం, కాని చూసేవారికి తెలియదు. తర్వాత ఆ అమ్మాయి చూసినవారితో మాట కలుపుతుంది. పరువుకు ప్రాణమిచ్చే సంప్రదాయాల్లో పెరిగినవారు తక్కినవారికన్నా ఎక్కువగా, ఓర్చుకోమనీ, అతనితోనే ఉండమనీ ఆమెకు నచ్చజెప్పారట. అదే పరిశోధనలో బ్రెజిల్ దేశపువాళ్ళను కూడా అడిగారు. భార్య మరొకరితో ఉందని తెలిసిన భర్త పరువు పోయిందనీ, ఆమెను కొడితే అందులో కొంత తిరిగి వస్తుందనీ అక్కడివారు లెక్కగట్టారు.

బ్రెజిల్ కోర్టుల్లో చాలాకాలం "పరువు కాపాడుకోవడానికి చంపాను" అనే వాదం నడిచింది. 1976లో ఒక ధనవంతుడు తనతో ఉన్న స్త్రీని కాల్చి చంపితే 1979లో ఆ వాదం చెప్పుకుని రెండేళ్ళ శిక్షతో, అదీ అమలు కాకుండా, బయటపడ్డాడు. ప్రేమించినవాడు చంపడు అంటూ ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1981లో మళ్ళీ విచారించి 15 ఏళ్ళ శిక్ష వేశారు. అయినా ఆ వాదం రాజ్యాంగానికి విరుద్ధమని వారి సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది 2023లోనే! మనమేం తక్కువ తినలేదు. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్నవాడి మీద ఆ భర్త ఫిర్యాదు చేయవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి 497వ సెక్షన్ చెప్పింది. భర్త దారి తప్పితే భార్యకు ఆ హక్కు లేదు. ఆవు పక్క చేలో పడితే ఆవుగల ఆసామి అడిగినట్టు. 2018 సెప్టెంబరు 27న గాని సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయలేదు.

ఆ నెలలోనే, 14వ తేదీన, మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న ఒక దళిత యువకుణ్ణి వెనకనుంచి నరికి చంపారు. చంపించింది ఆ అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. కూలిచ్చి మరీ చంపించారు, గమనించండి. ఆ తండ్రి 2020లో విచారణ పూర్తికాకముందే ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మరి ఆరుగురికి యావజ్జీవం వేసింది. కూతురు భర్తను పోగొట్టుకుంది, తల్లి భర్తను పోగొట్టుకుంది, ఒక పసివాడు తండ్రిని చూడకుండానే పుట్టాడు. దీన్నంతా కలిపి పత్రికలు "పరువు హత్య" అంటున్నాయి. ఇందులో పరువు ఏముందో నాకు అర్థం కాదు, ఆ మాట రాయడం మానేస్తే బాగుండునని నా ఉద్దేశం. ఈడొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకున్న పెళ్ళిలో కులపెద్దలు గాని, పంచాయతీలు గాని జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు అదే సంవత్సరం మార్చి 27న చెప్పింది. అట్లాంటి జంటలకు రక్షణ ఇవ్వవలసిన బాధ్యత జిల్లా పోలీసులదని కూడా చెప్పింది.

పంచాయతీ అనగానే ఇంకొకటి గుర్తుకొస్తుంది. ఆడపిల్లను పాడుచేసినవాడికే ఆ పిల్లనిచ్చి కట్టబెట్టి, "పోనీలే, పరువు దక్కింది" అని చేతులు దులుపుకునే తీర్పులు. ఇటలీ దేశంలో దీనికి చట్టమే ఉండేది. పెళ్ళి చేసుకుంటే నేరం మాఫీ! 1965 డిసెంబరులో సిసిలీ దీవిలో ఫ్రాంకా వియోలా అనే 17 ఏళ్ళ పిల్లను ఒక రౌడీ ఎత్తుకుపోయాడు. విడిపించి తెచ్చాక ఊరంతా పెళ్ళికి ఒప్పుకొమ్మంది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఆమె తండ్రి సామాన్య రైతు. ఆయనా ఒప్పుకోలేదు, కూతురి పక్కన నిలబడ్డాడు. బెదిరించారు, ద్రాక్షతోట తగలబెట్టారు. ఆ తండ్రి కదలలేదు. రౌడీకి జైలుశిక్ష పడింది. 1968లో ఫ్రాంకాను ఆమె ఇష్టపడిన కుర్రవాడే చేసుకున్నాడు. ఆ చట్టాన్ని ఇటలీ 1981లో రద్దు చేసింది. ఆ తండ్రికి మాత్రం పౌరుషం లేదంటారా?

అంతదూరం ఎందుకు, మన నల్లమల చెంచుల్నే తీసుకోండి. 1940 ప్రాంతాల్లో వారి మధ్య తిరిగి పుస్తకం రాసిన హైమెన్‌డార్ఫ్, చెంచు స్త్రీకి ఇంట్లో మగవాడితో సమానమైన నిలకడ ఉందని రాశాడు. పొసగకపోతే ఆమె విడిపోవచ్చు, ఇంకొకరిని చేసుకోవచ్చు, దానికి పెద్ద రచ్చ ఉండదు. గడ్డలు తవ్వి తెచ్చే కూడులో ఆమె చెయ్యి సగం. కాపాడుకోవలసిన భూములూ ఆస్తులూ లేనిచోట ఆడదానికి కంచె వేయవలసిన అవసరమూ అంతగా రాలేదన్నమాట. మైదానపు సారా, మైదానపు మాటలు గూడేలకు చేరాక అక్కడ కూడా దెబ్బలు పెరిగాయి.

సారా అంటే మన పక్క నెల్లూరు జిల్లా ఆడవాళ్ళను తలుచుకోవాలి. 1992లో దూబగుంటలో రాజుకున్న ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. వాళ్ళు చేసిన పని సారా దుకాణం మూయించడమొక్కటే కాదు. ఇంటి గుట్టు అని దాచుకున్న దెబ్బల సంగతిని నడిబజారులో నిలబడి చెప్పారు. చెప్పిందాకా సిగ్గు వాళ్ళది. చెప్పాక సిగ్గు కొట్టినవాడిది అయింది.

చివరగా పనికొచ్చే సంగతి చెప్పి ముగిస్తాను, కాగితం మీద రాసిపెట్టుకోండి. భర్త గాని, అతని చుట్టాలు గాని హింసపెడితే శిక్షపడే 498-ఎ సెక్షన్ 1983లో వచ్చింది. 2024 జులై 1 నుంచి అదే విషయం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. "మొగుణ్ణి జైల్లో పెట్టడం నాకిష్టం లేదు, కొట్టకుండా ఉంటే చాలు" అనేవాళ్ళే మనలో ఎక్కువ. వాళ్ళకోసం 2005 నాటి గృహహింస చట్టం ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని కింద మెజిస్ట్రేటు కొట్టవద్దని ఉత్తర్వు ఇవ్వగలరు, ఇంట్లోంచి వెళ్ళగొట్టవద్దని ఇవ్వగలరు, ఖర్చులకు ఇప్పించగలరు. ఇల్లు మీ పేరున లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది. అర్జీ ఇచ్చిన తర్వాత మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలని చట్టంలోనే రాశారు. పోలీసు స్టేషన్ మెట్లెక్కడం ఇష్టంలేకపోతే రక్షణాధికారికి చెప్పవచ్చు. మీరే పోనక్కరలేదు, మీ తరఫున పక్కింటావిడ చెప్పినా చెల్లుతుంది. వకీలుకు డబ్బుల్లేవని వెనకాడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఎంత ఆదాయమున్నా సరే, ఉచితంగా వకీలును ఇవ్వాలి. మార్కాపురం కోర్టులో న్యాయసేవా సంఘం ఎక్కడని అడిగితే చూపిస్తారు. ఫోను దగ్గరుంటే 181కి చెయ్యండి, అప్పటికప్పుడు ప్రాణభయమైతే 112కు చెయ్యండి. మాట్లాడేది తెలుగులోనే. మీ పేరూ, ఊరూ, ఏ గుడి దగ్గరో ఏ బడి దగ్గరో ఇల్లు, అది చెబితే చాలు.